తప్పులో వాటా

గోలు పడిన మరుక్షణం జట్టులో మిగతా పదిమందీ ఒక్కసారే వెనక్కి తిరుగుతారు. ఎవరూ చెప్పనక్కర్లేదు, మెడలు వాటంతట అవే తిరుగుతాయి. బంతి వలలో ఉంటుంది, దాన్ని తీయడానికి కీపర్ వంగి ఉంటాడు. వంగినవాడి వీపు మీద ఇరవై కళ్లు పడతాయి. లేచి నిలబడేసరికి తీర్పు అయిపోయి ఉంటుంది.

మొన్న ఆదివారం ఆ వంగిన వీపు మా కింది వాటా కుర్రాడిది. పదిహేనేళ్లుంటాయి. కలకత్తాలోని మా ఏక్‌బాల్‌పూర్ సందుల పిల్లలూ, మోమిన్‌పూర్ వైపు పిల్లలూ కలిసి పెట్టుకున్న చిన్న టోర్నమెంటు. ఆట ఇంకో రెండు నిమిషాల్లో అయిపోతుందనగా నేలబారుగా వచ్చిన బంతి వాడి చేతుల కింద నుంచి జారి లోపలికి పోయింది. ఒకటి–సున్నా. ఇంటికి వచ్చేటప్పుడు జట్టంతా ఒక గుంపుగా నడిచింది, వీడొక్కడూ ఇరవై అడుగులు వెనకగా వచ్చాడు.

చీకటి పడుతుంటే బట్టలు తీయడానికి డాబా మీదికి వెళ్లాను. తీగ మీద వాడి గ్లవ్స్ ఆరేసి ఉన్నాయి. వాళ్లమ్మ ఉతికినట్టుంది. కుడి బొటనవేలి దగ్గర రబ్బరు ఊడిపోతే నల్లదారంతో దగ్గరదగ్గరగా కుట్టుకున్నాడు. వేళ్లు కిందికి వేలాడుతున్నాయి, ఒక్కో వేలి చివర ఒక్కో నీటిచుక్క. బట్టలు తీయడం మరిచిపోయి వాటి ముందే నిలబడిపోయాను. అలాంటి గ్లవ్స్ జత ఒకటి నలభై ఏళ్లకు పైగా నా మనసులో ఆరకుండా ఉంది. ఆ సంగతి చివర్లో చెబుతాను. చెప్పడానికి కొంత ధైర్యం కూడగట్టుకోవాలి.

అదే వారం అమెరికాలో చదువుకుంటున్న మా మేనల్లుడు ఫోన్ చేశాడు. వాళ్ల యూనివర్సిటీ జట్టు ఓడిపోయిందట. అక్కడి ఫుట్‌బాల్ మన ఫుట్‌బాల్ కాదు. కోలబంతిని చేత్తో పట్టుకుని ఆడతారు. ఆ జట్టుకు గుండెకాయ లాంటివాడిని క్వార్టర్‌బ్యాక్ అంటారు. ఎదురు జట్టు మీదికి వెళ్లే ప్రతి ఎత్తూ ఇంచుమించు అతని చేతిలోంచే మొదలవుతుంది. బంతి అందుకోవాలి, రెండు మూడు క్షణాల్లో ఎవరికి విసరాలో తేల్చుకోవాలి, ఈలోగా మీదికి దూకేవాళ్లను చూసుకోవాలి. "ఇరవై ఏళ్ల కుర్రాడు మావయ్యా, నా క్లాసులోనే కూర్చుంటాడు. నిన్నటి నుంచి హాస్టల్లో వాణ్ణి తిట్టనివాడు లేడు. వాడొక్కడే ఓడించాడా?" అని అడిగాడు.

ఆ ఆట గురించి నాకు తెలిసింది తక్కువే కానీ, వాడు వివరించే కొద్దీ ఇక్కడి కీపరే కళ్లముందు మెదిలాడు. క్వార్టర్‌బ్యాక్ ముందు ఐదుగురు బలవంతులు గోడలా నిలబడతారట. ఆ గోడలో ఒక్క ఇటుక జారితే ఇతను నేల కరుస్తాడు, చూసేవాళ్లకు పడినవాడే కనిపిస్తాడు, జారినవాడు కనిపించడు. ఇంకో విషయం. ఎదురు జట్టు పాయింట్లు కొడుతున్నప్పుడు ఇతను చాలావరకు మైదానంలోనే ఉండడు. అడ్డుకునే పని వేరే పదకొండుమందిది, ఇతను గట్టు మీద బెంచీలో కూర్చుని చూస్తుంటాడు. అయినా అక్కడి లెక్కల పుస్తకాల్లో జట్టు గెలుపోటములను క్వార్టర్‌బ్యాక్ పేరు మీదే రాసుకోవడం ఆనవాయితీ. ఎన్ని గెలిచాడు, ఎన్ని ఓడాడు అని.

అక్కడ బంతిని మొదట పట్టుకున్నవాడు, ఇక్కడ చివర పట్టుకోవలసినవాడు. మన చూపు బంతి వెంట పోతుంది. బంతి ఎవరి దగ్గర ఆగితే చూపు అక్కడ ఆగుతుంది, చూపు ఆగినచోటే తప్పు కూడా వెతుక్కుంటాం. బంతికి దూరంగా మైదానంలో ఏం జరిగిందో చూడటానికి ఓపిక కావాలి. ఓడిన రాత్రి అంత ఓపిక ఎవరికి ఉంటుంది?

ఓటమి రాత్రులు నాకు ఏక్‌బాల్‌పూరే నేర్పింది. 1988లో ఓ షిప్పింగ్ కంపెనీ లెక్కల గుమాస్తాగా కలకత్తా వచ్చి, డైమండ్ హార్బర్ రోడ్డు నుంచి లోపలికి తిరిగే ఒక సందులో గది తీసుకున్నాను. పక్కనే ఖిదిర్‌పూర్. 1892 నుంచి పనిచేస్తున్న రేవు. రాత్రి నిద్రలో ఓడల కూతలు, పగలు కుట్టుమిషన్ల చప్పుడు. ఫుట్‌బాల్ రోజులొస్తే మేడ మీద నుంచి మేడ మీదికి నలుపు–తెలుపు జెండాలు. అవి మొహమ్మదన్ స్పోర్టింగ్ రంగులు. 1891లో పుట్టిన క్లబ్బు. 1934లో తెల్లవాళ్ల జట్లను వెనక్కినెట్టి కలకత్తా లీగు గెలిచింది. అంతకుముందు ఏ భారతీయ జట్టూ ఆ లీగు గెలవలేదు. 1938 దాకా వరసగా ఐదేళ్లు ఆ పీఠం దిగలేదు. ఈ సందుల్లో ముసలివాళ్లు ఆ ఐదేళ్లనూ తమ ఇంట్లో జరిగిన పెళ్లిళ్లలా చెప్పుకుంటారు.

ఆ క్లబ్బు గెలిచిన రాత్రి టీ కొట్టు దగ్గర పదకొండు పేర్లూ వినిపించేవి. ఓడిన రాత్రి ఒక్క పేరే వినిపించేది. ఆ మాట అనే తీరు కూడా ఒకటుంది. గోలు పడటాన్ని ఇక్కడ బెంగాలీలోనూ హిందీ ఉర్దూల్లోనూ గోలు 'తినడం' అంటారు. "గోల్ ఖా గయా" అంటే జట్టు తిన్నదనే అర్థం కావచ్చు, కానీ ఆ మాట అంటున్నప్పుడు అందరి మనసులో మెదిలేది కీపరే. పదిమంది కలిసి వండిన వంటను ఒక్కడి చేత తినిపించినట్టు నాకు అనిపించేది.

ఆ టీ కొట్టు బెంచీ మీద రోజూ ఒక పెద్దాయన కూర్చునేవాడు. పలాస దగ్గరి పల్లె నుంచి కుర్రతనంలోనే వచ్చి, రేవుల్లో బస్తాలు మోసి మోసి నడుము వంగిపోయినవాడు. అందరికీ ఆయన పలాస తాతే. తెలుగు మాట వినబడితే చాలు, జరిగి చోటిచ్చేవాడు. ఒక రాత్రి బెంచీ అంతా కీపర్ మీద విరుచుకుపడుతుంటే తాత మాట్లాడకుండా తాగేసిన మట్టి కప్పులు ఏరి బల్ల మీద ఒక్కొక్కటే పేర్చడం మొదలుపెట్టాడు. ఆ కప్పుల్ని ఇక్కడ భాఁడ్ అంటారు. తాగి పారేసేవి. ఒక కప్పు బల్ల అంచున బోర్లించాడు.

"ఈడు గోలీ. ఈడి కాడికి బంతి ఆకాశంలోంచి ఊడిపడ్నేదు కదేటి బాబూ?" అని దానికి ముందు ఇంకో కప్పు పెట్టాడు. "ఈడు అడ్డుపడాలి, పడ్నేదు." ఇంకోటి. "ఈడు పరిగెత్తుకుని రావాలి, నడిచొచ్చినాడు." ఇంకోటి. "ఈడు బంతి ఎదురోడి కాలికి ఒగ్గీసినాడు. ఇక్కడ మొదలైనాది." అంచున బోర్లించిన కప్పు దాకా వేలితో ఒక గీత గీసి, "ఆఖరోడు గోలీ. ఆఖరోడి పేరే అందరికీ తెలుస్తాది" అన్నాడు.

తర్వాత తన సంగతి ఒకటి చెప్పాడు. ఏ రేవో, ఏ ఏడో చెప్పలేదు. బియ్యం బస్తాలు ఎత్తుతుంటే తాడు తెగి బస్తాలు మీద పడ్డాయి. కింద ఉన్న కూలికి కాలు విరిగింది. "తాడు పీచులు లేచిపోయుంది. కొత్తది కొనాల్సినోడు కొన్నేదు. బస్తాలు కట్టినోడు సూసుకోనేదు. కింద సెయ్యి ఊపినోడు తొందరపడినాడు. క్రేనోడు ఎత్తినాడు. కాయితం మీద క్రేనోడి పేరు రాసినారు. ఆడెల్లిపోనాడు." కాసేపు ఆగాడు. "తాడు మాత్రం అదే ఉండిపోనాది."

ఆ చివరి మాట నాలో దిగబడిపోయింది. నిందంతా ఒక్కడి నెత్తిన పెట్టడం ఎందుకు తప్పని ఎవరడిగినా, అది క్రూరం కాబట్టి అని చెప్పడం తేలిక. క్రూరమే. కానీ తాత చూపించింది అంతకంటే పెద్ద నష్టం. ఒక్కడిని పంపించేస్తే మిగిలినవాళ్లకు పని అయిపోయినట్టు ఉంటుంది. మనసు తేలికపడుతుంది. మనసు తేలికపడ్డాక తాడు వైపు ఎవరూ చూడరు. రేపు మళ్లీ అదే తాడుతో బరువెత్తుతారు.

ఇది ఒక్క రేవు సంగతి, ఒక్క సందు సంగతి కాదు. 1950 జూలై 16న రియో డి జనీరోలోని మారకానా స్టేడియంలో బ్రెజిల్, ఉరుగ్వే తలపడ్డాయి. ప్రపంచకప్ బ్రెజిల్‌దే కావడానికి ఆట సమంగా ముగిసినా చాలు. ముందు గోలు కొట్టింది కూడా బ్రెజిలే. 66వ నిమిషంలో ఉరుగ్వే ఆటగాడు గిజ్జియా కుడి అంచు వెంట దూసుకొచ్చి బంతిని మధ్యకు పంపితే స్కియాఫినో గోలు చేశాడు. 79వ నిమిషంలో అదే గిజ్జియా, అదే అంచు వెంట, మళ్లీ అలాగే వచ్చాడు. మళ్లీ మధ్యకే పంపుతాడనుకుని కీపర్ మోసిర్ బార్బోసా ఒక అడుగు అటు జరిగాడు. గిజ్జియా బంతిని దగ్గరి స్తంభానికీ కీపర్‌కీ మధ్య ఉన్న సందులోంచి కొట్టాడు. రెండు–ఒకటి.

బార్బోసా 2000లో చనిపోయేదాకా ఆ ఒక్క అడుగే ఆయన పేరైపోయింది. బజారులో ఒక తల్లి తన కొడుక్కి ఆయన్ని చూపించి దేశాన్నంతా ఏడిపించినవాడు ఇతనే అని చెప్పిందట. తమ దేశంలో అతి పెద్ద శిక్ష ముప్ఫై ఏళ్లయితే తాను యాభై ఏళ్లు అనుభవించానని ఆయనే చివరి రోజుల్లో వాపోయాడు. ఆ జట్టులో ఎక్కువ నింద మోసిన ముగ్గురూ, అంటే కీపర్ బార్బోసా, వెనక ఆడిన బిగోడె, జువెనాల్, నల్లవాళ్లే. తప్పు మోయడానికి ఎవరి భుజం అనువుగా ఉంటుందో లోకానికి ముందే తెలిసి ఉంటుంది.

కానీ ఆ రెండు గోల్స్‌నూ తాత పద్ధతిలో వెనక్కి పేర్చి చూడండి. 66వ నిమిషంలో తెగిన చోటే 79వ నిమిషంలోనూ తెగింది. మధ్యలో పదమూడు నిమిషాలున్నాయి. ఆ అంచున ఇంకో మనిషిని నిలబెట్టి ఉండవచ్చు. సమంగా ముగిస్తే కప్పు తమదే అయినప్పుడు ముందుకు ఎగబడటం తగ్గించి ఉండవచ్చు. అంతకు ముందే విజేతలన్నట్టు సంబరాలు చేసిన వాళ్లు కాస్త ఆగి ఉండవచ్చు. బార్బోసా వేసిన అడుగు కూడా తప్పే, దాన్ని కాదనలేం. అది అన్నిటికంటే చివరి తప్పు. ఆ తర్వాత బ్రెజిల్ తెల్ల చొక్కా అశుభమని వదిలేసి పసుపు చొక్కా తొడుక్కుంది. చొక్కా మార్చడం తేలిక, కీపర్ని మార్చడం ఇంకా తేలిక.

తాడు మార్చినవాడు మనకొకడున్నాడు. ఆయన మన హైదరాబాదు వాడే, సయ్యద్ అబ్దుల్ రహీం. బడిపంతులు. 1950 నుంచి 1963లో చనిపోయేదాకా భారత ఫుట్‌బాల్‌కు శిక్షకుడు. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో మన జట్టు యుగోస్లావియా చేతిలో పది–ఒకటి తేడాతో ఓడిపోయింది. పది గోల్స్ పడ్డాక కీపర్ని నిలబెట్టి కడిగేయడానికి ఎవరికైనా నోరు లేస్తుంది. కానీ ఆ రోజు మనవాళ్లలో చాలామంది వట్టికాళ్లతో ఆడారు. బూట్లు తొడుక్కున్న జట్టు మీద. ఆ ఓటమి తర్వాత మన ఫుట్‌బాల్ పెద్దలు బూట్లు తప్పనిసరి చేశారు. రహీం ఆట అమరికనే మార్చేశాడు. వెనక నలుగురు, మధ్యన ఇద్దరు, ముందు నలుగురు నిలబడే పద్ధతి అలవాటు చేశాడు. నాలుగేళ్లకు, 1956 మెల్‌బోర్న్‌లో అదే భారతదేశం ఒలింపిక్స్ సెమీఫైనల్ ఆడి నాలుగో స్థానంలో నిలిచింది.

1962 జకార్తా ఆసియా క్రీడల్లో మొదటి ఆటే దక్షిణ కొరియా చేతిలో రెండు–సున్నాతో పోయింది. ఫైనల్లో మళ్లీ అదే కొరియా ఎదురైంది. ఒకరి తల తీసి మిగతావాళ్లకు బుద్ధి చెప్పే పని రహీం చేయలేదు. తలకు కుట్లు పడి ఉన్న జర్నైల్ సింగ్‌ను వెనక నుంచి తీసి ముందు వరసలో నిలబెట్టాడు. పీకే బెనర్జీ ఒక గోలు, జర్నైల్ ఒక గోలు. రెండు–ఒకటితో బంగారు పతకం. అప్పటికే రహీం ఒంట్లో క్యాన్సర్ ఉంది. ఏడాది తిరక్కుండానే వెళ్లిపోయాడు. ఓటమిని చూసి ఎవరు అని అడగడం అందరికీ వచ్చు. ఎక్కడ, ఎందుకు అని అడగడం ఆ పంతులుకి వచ్చు. ఆయన గొప్పతనం నాకు అక్కడే కనిపిస్తుంది.

కలకత్తాకు కూడా తన బార్బోసా ఉన్నాడు, కానీ కథ వేరుగా ముగిసింది. 1975 సెప్టెంబర్ 30న ఈ ఊరి రెండు పెద్ద క్లబ్బులు తలపడిన ఐఎఫ్ఏ షీల్డ్ ఫైనల్. ఈస్ట్ బెంగాల్ ఐదు, మోహన్ బగాన్ సున్నా. బగాన్ కీపర్ భాస్కర్ గంగూలీ అప్పటికి పాలబుగ్గల కుర్రాడు. నాలుగు గోల్స్ పడ్డాక అతన్ని బయటికి పిలిచి ఇంకొకర్ని దింపారు. ఆ రాత్రి అభిమానుల కోపానికి జడిసి కొందరు బగాన్ ఆటగాళ్లు గంగలో పడవ మీద గడిపారని ఇక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. ఓటమి భరించలేక ఒక అభిమాని ప్రాణం తీసుకున్నాడు. ఆట మీద ప్రేమ దారి తప్పితే ఎక్కడిదాకా పోతుందో ఈ ఊరు ఆనాడే చూసింది.

ఆ ఐదు గోల్స్ తప్పూ ఆ కుర్రాడిదేనా? అప్పటికి ఈస్ట్ బెంగాల్ 1970 నుంచి వరసగా ఆరేళ్లు కలకత్తా లీగు గెలిచిన జట్టు. సురజిత్ సేన్‌గుప్తా, శ్యామ్ థాపా లాంటివాళ్లు ముందు ఆడుతున్నారు, పీకే బెనర్జీ శిక్షణ ఇస్తున్నాడు. అంతటి ప్రవాహం ముందు గట్టు ఎక్కడెక్కడ తెగిందో లెక్కపెట్టకుండా, చివర నిలబడ్డ పిల్లవాడి వంక చూడటం న్యాయం కాదు. అదృష్టం ఏమిటంటే అతని కథ అక్కడ ఆగిపోలేదు. తన మీద గోల్స్ కొట్టిన ఈస్ట్ బెంగాల్‌కే ఏళ్ల తరబడి కీపర్‌గా నిలిచాడు. 1982 ఢిల్లీ ఆసియా క్రీడల్లో భారత జట్టుకు కెప్టెన్ అయ్యాడు. బార్బోసాకు దక్కనిది ఇతనికి దక్కింది, ఇంకో ఆట. తప్పు చేసినవాడికి ఎవరైనా ఇవ్వదగిన పెద్ద సాయం మరో ఆటే.

భారత జట్టు ఆటగాడు శైలేన్ మన్నాకూ అదే దక్కింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో ఫ్రాన్స్ చేతిలో రెండు–ఒకటితో ఓడినప్పుడు మనవాళ్లు రెండు పెనాల్టీలు పోగొట్టుకున్నారు. అందులో ఒకటి మన్నాది. పెనాల్టీ కంటే స్పష్టంగా ఒక్కడిదే అని చూపించగల తప్పు ఫుట్‌బాల్‌లో ఏముంటుంది? అయినా మూడేళ్లకు, 1951లో ఢిల్లీలో తొలి ఆసియా క్రీడల బంగారు పతకం అందుకున్న జట్టుకు ఆయనే కెప్టెన్. ఆ జట్టు శిక్షకుడు మన రహీం.

ఇక్కడ ఎదుటివాళ్ల వాదన కూడా వినాలి. గెలిచినప్పుడు భుజాల మీద ఊరేగించేది ఎవర్ని? క్వార్టర్‌బ్యాక్‌నే. 2021 నుంచి అమెరికా కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద, బొమ్మ మీద డబ్బు సంపాదించుకోవచ్చు, అందులోనూ ముందు వరస క్వార్టర్‌బ్యాక్‌లదే అంటాడు మా మేనల్లుడు. పొగడ్తలో పెద్ద ముక్క తీసుకున్నవాడు నిందలో చిన్న ముక్క అడగవచ్చా? అడగకూడదు. పట్టు జారిన బంతి అతనిదే, ఎదుటివాడి చేతుల్లోకి విసిరిన విసురు అతనిదే. అది తీసివేస్తే అతన్ని పసిపిల్లవాణ్ణి చేసినట్టు. పెద్ద వాటా అతనికి రావలసిందే. కానీ అన్నదమ్ముల్లో పెద్దవాడికి జ్యేష్ఠ భాగం ఇవ్వడం వేరు, అప్పులన్నీ వాడొక్కడి పేరున రాసి మిగతావాళ్లు తలుపులు వేసుకోవడం వేరు.

వాల్మీకి కథ మనకు చిన్నప్పటి నుంచీ తెలుసు. బోయవాడు దోచుకొచ్చిన సొమ్ము ఇంటిల్లిపాదీ తిన్నారు. ఈ పాపంలో మీకు వాటా ఉందా అని అడిగితే ఒక్కరూ ఉందనలేదు. ఆ కథను మనం బోయవాడు మహర్షి అయిన కథగానే చెప్పుకుంటాం. ఆ ఇంట్లో వాళ్లు తర్వాత ఏమయ్యారో ఎవరూ అడగరు. వాటా లేదన్నవాళ్లు మారారని ఎక్కడా వినలేదు. మారింది తన పాపం తనదని తెలిసినవాడే.

కర్ణుడి చావుకు కారణాలు వెయ్యి అంటాం. గురువు శాపం, బ్రాహ్మణుడి శాపం, తల్లికిచ్చిన మాట, ఇంద్రుడు అడిగి పట్టుకుపోయిన కవచకుండలాలు, పక్కనే కూర్చుని మనసు విరిచిన శల్యుడు, నేలలో దిగబడ్డ రథచక్రం. ఒక్క చావుకు ఇన్ని కారణాలు మనవాళ్లు ఎందుకు గుర్తుపెట్టుకున్నారు? కర్ణుణ్ణి ప్రేమించారు కాబట్టి. ప్రేమ ఉన్నచోట ఓపిగ్గా కారణాలు లెక్కపెడతాం. మన సందు కీపర్ని కూడా ఆ కాస్త ఓపికతో చూడలేమా అని నా బాధ.

ఇక నా సంగతి.

1983లో కోస్తాలో ఒక కాలేజీకి నేను లెఫ్ట్ బ్యాక్. అంతర్ కళాశాలల ఫైనల్. మా కీపర్ నా గదిలోనే ఉండేవాడు. సున్నా–సున్నాతో సాగుతున్న ఆటలో మాకు కార్నర్ దొరికింది. వెనక ఉండమని కెప్టెన్ చెప్పినా, గోలు కొట్టి పేరు తెచ్చుకోవాలని ముందుకు పోయాను. బంతి వాళ్ల చేతికి చిక్కింది. నేను కాయవలసిన అంచు ఖాళీ. వాళ్ల కుర్రాడు ఆ ఖాళీలోంచి ఒంటరిగా పరిగెత్తుకొచ్చి, దగ్గరి స్తంభం పక్క నుంచి కొట్టాడు. నేను అప్పటికి సగం మైదానంలో రొప్పుతూ నడుస్తున్నాను. గోలు పడగానే అందరితో పాటు నేనూ మా కీపర్ వైపు చూశాను. అదీ నేను చేసిన పని. పరిగెత్తలేకపోవడం కంటే ఆ చూపు నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆ రాత్రి మెస్సులో వాడి బల్ల దగ్గర ఎవరూ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. పక్కన కూర్చుంటే ఎవరైనా, నువ్వెక్కడున్నావురా అప్పుడు అని అడుగుతారేమోనని భయం. వాడు గదికొచ్చి గ్లవ్స్ కిటికీ ఊచలకు తగిలించాడు. మళ్లీ వాటిని తొడగలేదు. చదువు అయిపోయేదాకా అవి అక్కడే వేలాడుతూ ఉండేవి, నేను వాటి కిందే పడుకునేవాణ్ణి.

రెండేళ్ల క్రితం ఒక పెళ్లిలో వాడు కనిపించాడు. ఇద్దరికీ తలలు నెరిశాయి. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట నిలబెట్టి, "ఒరేయ్, ఆ గోలు నాది. నేను అంచు వదిలేశాను" అని చెప్పేశాను. వాడు చేతులు తుడుచుకుని, "నాకు తెలుసురా. కానీ నాది కూడా. అర క్షణం ముందు కదిలుంటే అందేది. నా వాటా నేను ఆ రోజే ఒప్పుకున్నాను. మీరెవ్వరూ మీ వాటాకి రాలేదు, అంతే" అన్నాడు. కోపంగా అనలేదు. నా భుజం మీద చెయ్యి వేసి తాంబూలం తీసుకుందాం పద అన్నాడు.

ఇన్నేళ్లూ నేను వాడికి నిర్దోషి అన్న మాట బాకీ ఉన్నాననుకున్నాను. వాడికి అది అక్కర్లేదు. తన తప్పు తనకుంచుకుని, మాది మేం తీసుకుంటే చాలుననుకున్నాడు. మోయలేని బరువుతో వాడు ఆట మానలేదు, ఒంటరిగా మోయవలసి వచ్చి మానేశాడు.

అందుకే మొన్న గ్లవ్స్ ఆరకముందే కిందికి దిగాను. ఓడిన జట్టు టీ కొట్టు దగ్గరే ఉంది. మా కింది వాటా కుర్రాడు కాస్త ఎడంగా, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. పలాస తాత పోయి చాలా ఏళ్లయింది, బెంచీ మారింది, మట్టి కప్పులు మాత్రం అవే. పిల్లల్ని కూర్చోబెట్టి నా 1983 సంగతి దాచకుండా చెప్పాను. ముందుకు ఎగబడటం, వెనక్కి రాకపోవడం, ఆ చూపు, ఆ మెస్సు. చెబుతూ ఒక్కో కప్పూ బల్ల మీద పేర్చాను. నా కప్పు నేనే బోర్లించాను.

చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. గోడ దగ్గరి కుర్రాడే ముందు నోరు విప్పాడు. "చాచా, ఆ బంతి మీ కీపర్‌కి అందేదా?"

"అందేది. వాడే చెప్పాడు."

"నాదీ అందేదే" అన్నాడు వాడు. వచ్చి తన కప్పు తెచ్చి బల్ల అంచున బోర్లించి, అక్కడే కూర్చున్నాడు.

మధ్యలో ఆడే పొడుగాటి కుర్రాడొకడు ఇంకా సగం టీ ఉన్న కప్పును చూస్తూ కూర్చున్నాడు. తర్వాత ఆ టీ ఒక్క గుక్కలో తాగేసి, కప్పును కీపర్ కప్పుకు ముందు పెట్టాడు. "బంతి పోగొట్టింది నేను" అన్నాడు. మూడో చెయ్యి కూడా బల్ల వైపు కదిలింది.